ఎత్తని వేలు

పైడిరాజు వేలెత్తాడంటే బ్రహ్మదేవుడు దిగొచ్చి బతిమాలినా దించడని విశాఖపట్నం క్రికెట్ మైదానాల్లో పేరుండేది. ఒక మంత్రిగారి మేనల్లుణ్ణి మొదటి బంతికే ఔటని పంపించేసి, ఆ సాయంత్రం అదే మంత్రిగారింట్లో పెళ్ళి భోజనానికెళ్ళి, మారు వడ్డించుకుని మరీ తినొచ్చిన మనిషి. అంతటివాడు ఇప్పుడు కొండమీది ప్రయోగశాలలో నెత్తిన తీగల టోపీతో మంచం మీద వెల్లకిలా పడున్నాడు. గంటకోసారి అతని కుడిచేతి చూపుడువేలు కదులుతుంది. దుప్పటి మీద నుంచి లేచి, సగం దాకా వచ్చి, అక్కడ వణుకుతుంది. కాసేపటికి మళ్ళీ వాలిపోతుంది.

అది వాలినప్పుడల్లా సౌదామిని ప్రాణం ఉసూరుమనేది. వేలు పూర్తిగా లేస్తే భర్త ఇంటికొస్తాడు, లేవకపోతే రాడు. ఈ యంత్రాన్ని కట్టినవాళ్ళలో ఆమె ఒకతె. మొగుణ్ణి ఆ మంచం ఎక్కించింది కూడా ఆమే. ఇంక ఎవర్ని తిట్టుకోవాలి?

యంత్రాన్ని అక్కడందరూ మైదానం అనేవారు. అమెరికాలో పాత ఆటలంటే చెవి కోసుకునే సంఘమొకటి వీళ్ళకో పని ఒప్పజెప్పింది. పద్దెనిమిది వందల ఎనభైల్లో అక్కడ ఒక నది వెంబడి ఊళ్ళన్నీ జీతాలిచ్చి బేస్‌బాల్ జట్లు పెట్టుకుని ఒక వేసవంతా ఆడాయట. ఆ ఒక్క సీజన్లో ఆడినవాళ్ళలో మేటి తొమ్మండుగురు ఎవరన్నది ఇప్పటికీ తేలని తగువు. అప్పటి స్కోరు రాసినవాళ్ళేమో తమ ఊరివాడు బంతి వదిలేస్తే పాపం కంట్లో ఎండ పడిందని, పొరుగూరివాడు వదిలేస్తే వట్టి చేతకానివాడని రాసి పెట్టారు. అలాంటి అంకెల్ని నమ్ముకుని ఎవర్ని ఎంచుతారు? అందుకని ఉన్న వివరాలన్నీ పోగేసి మైదానంలో పోస్తే, అది ఆ మనుషుల్ని మళ్ళీ లేపి ఆడిస్తుంది.

కాకపోతే ఆట ఉత్తినే నడవదు, చూసే కళ్ళు కావాలి. టోపీ పెట్టుకున్న మనిషి బుర్రలోనే ఆ ఆట జరుగుతుంది. బయట గంట గడిచేసరికి లోపల వేసవి మొత్తం అయిపోతుంది. అప్పుడు అంపైరు తొమ్మిది పేర్లూ చెప్పి వేలెత్తాలి. ఆ తొమ్మండుగురూ యంత్రంలో ఉండిపోతారు, తక్కినవాళ్ళు చెరిగిపోతారు, అంపైరు కళ్ళు తెరుస్తాడు. పేర్లు చెప్పకపోతే వేసవి మళ్ళీ మొదలవుతుంది. మనసొప్పని తీర్పు చెబితే యంత్రం పుచ్చుకోదు. మొహమాటాలకు తావుండకూడదని సౌదామిని పట్టుబట్టి పెట్టించిన నియమమది, దానికి అందరూ ఆమెను మెచ్చుకున్నారు కూడాను. తీర్పు తేలకముందే టోపీ తీసేస్తే ఏమవుతుందో భుజంగరావనే ఇంజనీరుని చూసి తెలుసుకున్నారు. అతనిప్పుడు ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా, ఎవరో బంతి విసురుతారని చేతులు చాపుకునే ఉంటాడు.

అమెరికా అంపైర్లు ఈ పనికి పనికిరాలేదు. ఒక్కొక్కడికీ తాతలు చెప్పిన కథలు, చిన్నప్పటి అభిమానాలు ఉన్నాయి. ఆ పేర్లే వినని మనిషి కావాలన్నారు. "మా ఆయనున్నారుగా," అంది సౌదామిని. పైడిరాజు వారం రోజులు బేస్‌బాల్ నిబంధనలు చదువుకుని, ఇదీ ఒక ఆటేనా అని నవ్వుకుంటూ వచ్చి పడుకున్నాడు.

ఇది నాలుగో రోజు.

"ఎనిమిది పేర్లు మొదటిరోజే చెప్పేశారమ్మా," అన్నాడు ప్రయోగశాల పెద్ద సోమయాజులు, గాజు తలుపు అవతల నిలబడి. "తొమ్మిదోదే ఎందుకో మింగుడు పడ్డంలేదు. అదీ కుడి చివర ఫీల్డరు. ఆ రోజుల్లో అటువైపు బంతే వెళ్ళేది కాదు. జట్టులో చేతగానివాణ్ణి తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టేవారు. ఆ చోటుకి బర్క్ అనేవాడు తప్ప ఇంకో పేరే లేదని కుర్రాళ్ళందరూ అంటున్నారు. ఇంతోటిదానికి ఇన్ని వేసవులా?"

"డాక్టరేమన్నారు?"

సోమయాజులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గుండె అలిసిపోతోందన్నాడు. ఇలాగే ఇంకో రెండు రోజులైతే తన చేతుల్లో లేదన్నాడు."

అంపైరు లోపల మాట్లాడేది అక్కడో మాట ఇక్కడో మాటగా బయట స్పీకర్లో వినిపిస్తుంది. నాలుగు రోజులుగా వినిపిస్తున్నవి స్ట్రైకు, ఫౌలు, ఔటు లాంటి మాటలే. ఇప్పుడు మాత్రం పైడిరాజు గొంతు ఆమె ఎన్నడూ వినని మెత్తదనంతో పలికింది. "చంటీ, ఎనక్కెళ్ళి నిలబడు. కంట్లో ఎండ పడతాది."

సౌదామిని నిలువునా నీరైపోయింది. చంటి ఆమె మరిది పేరు, ఆమె ఆ ఇంటికి కోడలిగా రాకముందే పోయిన పిల్లాడి పేరు. గబగబా ఆటగాళ్ళ వివరాలు తెరిచి చూసింది. కుడి చివర ఆడినవాళ్ళలో చాంట్ అని ఒకడున్నాడు. ముందు పేరు లేదు, ఫోటో లేదు, ఎత్తూ బరువూ లేవు. నాలుగైదు ఆటలాడాడు, అన్నిట్లోనూ బంతి వదిలేశాడు. అంతకుమించి చరిత్రలో అతని ఊసే లేదు. పైడిరాజు ఆలోచించేది తెలుగులో కాబట్టి పేర్లన్నీ తెలుగులో ఎక్కించింది సౌదామినే. హడావిడిలో ఒక్క దీర్ఘం జారిపోయి అతను చంట్ అయ్యాడు. వివరాలు లేని చోట యంత్రం ఏం చేస్తుంది? దగ్గర్లో దొరికినదానితో పూడ్చుకుంటుంది. దగ్గర్లో ఉన్నది పైడిరాజు బుర్ర.

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి అత్తగారు అప్పలనరసమ్మ వసారాలో చాట ముందేసుకుని ఎండు నెత్తళ్ళ చేపల తలలు గిల్లుతోంది. కొడుకు మ్యాచులకని ఊరెళ్ళాడని ఆవిడతో చెప్పారు.

"మావోడు ఫోనయినా సెయ్యలేదు. అంత తీరుబడి నేదేటమ్మా ఆడికి?"

"పనిలో ఉన్నారత్తా." సౌదామిని పక్కనే కూలబడి తనూ ఒక గుప్పెడు నెత్తళ్ళు తీసుకుంది. "అత్తా, చంటి ఎలా ఉండేవాడు?"

ముసలావిడ చేతులు ఆగాయి. "ఇప్పుడాడి ఊసెందుకమ్మా?"

"ఊరికే. ఆయన నిద్రలో కలవరించారు."

అప్పలనరసమ్మ ఇంకో చేప తల గిల్లి పక్కన పడేసింది. "ఎలగుంటాడు, బక్కోడు. లాగు జారిపోతా ఉంటే ఓ సేత్తో ఎగేసుకుంటా, అన్న బ్యాటు పట్టుకుని బయల్దేరితే సాలు ఎనకాలే. పెద్దోడు ఇసుక్కునేవోడు. తీసుకెల్తే ఇద్దరూ ఎల్లండి, నేదంటే నువ్వూ ఎల్లకు అనేదాన్ని నాను. మరేటి సేత్తాడు? తీసుకెల్లి కుడేపు మూల నిలబెట్టీవోడు. ఆటలో అరటిపండు. బంతొగ్గేసినా ఎవులూ ఏటనరు, ఔటైనా ఔటు నేదు."

"వాడికి సరదాగానే ఉండేదా?"

"ఒకనాడు ఏడ్సుకుంటా వొచ్చినాడు. అమ్మా, నన్నెవులూ ఔట్ సెయ్యరే అని. ఔట్ సెయ్యకపోతే ఏడుపేట్రా ఎర్రోడా అని నవ్వీసినాను." చాట పక్కకు జరిపింది. "వొచ్చే ఏడు నిన్ను నిజం జట్టులో ఎడతానని పెద్దోడు మాటిచ్చినాడు. పచ్చకామెర్లొచ్చి ఆ ఏడే పోనాడు గుంటడు. దాని తరవాతే మీ ఆయన బ్యాటు అవతల పారేసి అంపైరయినాడు. ఎందుకురా అంటే సెప్పడు."

ఆవిడ చెప్పిన దాంట్లో ఒక్క మాటే సౌదామిని చెవిలో గంటలా మోగింది. అరటిపండు. లెక్కలో లేనివాడు. లెక్కలో లేనివాణ్ణి యంత్రం ఎంచుకోవక్కర్లేదు, చెరపక్కర్లేదు. దారి దొరికిందనుకుంది. చేతులైనా కడుక్కోకుండా కారెక్కింది.

"పక్కనున్న రెండో టోపీ పెట్టుకుని నేనూ లోపలికెళ్తాను," అని ఆమె అనగానే సోమయాజులు అడ్డం తిరిగాడు.

"ఆయన తీర్పు చెప్పకపోతే మీరు కూడా బయటికి రాలేరు. ఇద్దర్నీ పోగొట్టుకోమంటారా?"

"ఆయన్ని పంపింది నేనండీ."

"పంపింది మనందరం."

"అయితే మీరూ రండి," అంది సౌదామిని. ఆయన తలుపు దగ్గర్నుంచి పక్కకు తప్పుకున్నాడు. ఆమె రెండో మంచం మీద పడుకుంది.

కళ్ళు తెరిచేసరికి ఎండ మొహం మీద కొట్టింది. చెక్క బల్లల మీద టోపీల మగవాళ్ళు చుట్టలు కాలుస్తూ కేకలేస్తున్నారు. మైదానంలో మీసాల ఆటగాళ్ళు ఉన్ని బట్టల్లో చెమటలు కక్కుతూ, చేతికి తొడుగైనా లేకుండా బంతిని ఒడిసి పడుతున్నారు. అమెరికా అనే అనుకోవాలి. కానీ చుట్టూ కట్టిన చెక్క గోడ అవతల విజయనగరంలో అత్తవారి పాత వీధి, మురిక్కాలవ, దాని పక్కన కరెంటు స్తంభం ఉన్నాయి. ఆ గోడకి ఎక్కడా గేటు లేదు. గేటుండాల్సిన చోట కూడా చెక్కలే బిగించి ఉన్నాయి. చేత్తో నెట్టి చూసింది. మేకులు కొత్తగా, చల్లగా తగిలాయి.

"కొట్టేసినావు కదేటి, పరిగెత్తవేటిరా బావా," అని అరిచాడు బంతి విసిరే గ్రేడీ. ఎర్ర మీసాల ఆరడుగుల మనిషి నోట శ్రీకాకుళం, విజయనగరం మాట వినేసరికి, అంత దిగుల్లోనూ సౌదామినికి నవ్వొచ్చింది.

పైడిరాజు ఆమెను చూసి ఆట ఆపించాడు. దగ్గరికొచ్చిన మొహం చూస్తే ఆమె నవ్వు పోయింది. నాలుగు రోజుల్లో ఇన్ని వేసవులు చూసిన మనిషి. చెంపలు పీక్కుపోయి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"నువ్వెందుకొచ్చావు సౌదా?"

"మీరెందుకు రాలేదు మరి?"

అతను మూలకి చూశాడు. అక్కడ, పెద్దవాళ్ళ ఉన్ని బట్టలు వేసుకున్న పన్నెండేళ్ళ పిల్లాడు ఒక చేత్తో లాగు ఎగేసుకుంటూ, రెండో చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని బంతి కోసం చూస్తున్నాడు. ఎండ నడినెత్తిన ఉంది.

"అది యంత్రం అల్లిన బొమ్మండీ," అంది ఆమె మెల్లగా. "తప్పు నాది. పేరు తప్పుగా ఎక్కించాను."

"నాకు తెల్దనుకున్నావా? మొదటి ఆటకే తెలిసింది." పైడిరాజు మట్టిలో బూటుతో గీత గీశాడు. "తెలిస్తే మట్టుకు ఏటి లాభం? బంతి పైకి లేచినప్పుడల్లా ఈసారైనా పడతాడేమోనని చూస్తాను. పట్టడు. ఒక వేసవి అయిపోయాక కుడి చివర చంటి అని చెప్పీసాను. వేలు లేవలేదు సౌదా. అబద్ధానికి అది లేవదు. పోనీ బర్క్ పేరు చెప్దామంటే నాకు నోరు రాదు. ఇంకోసారి వీణ్ణి ఎలా పంపీమంటావు?"

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. బయట అదే చెయ్యి ఎలా చల్లబడుతోందో చెప్పాలనుకుని చెప్పలేకపోయింది. "పంపక్కర్లేదు. దారుంది. వాణ్ణి అరటిపండని చెప్పెయ్యండి. ఆటలో ఉన్నాడు, లెక్కలో లేడు. అప్పుడు బర్క్‌ని ఎంచినా వాడి మీద తీర్పు చెప్పినట్టు కాదు. యంత్రం వాడి జోలికి రాదు. వాడిక్కడే ఉంటాడు, మీరు నాతో వస్తారు."

పైడిరాజు మొహంలో ఎన్నాళ్ళ తర్వాతో వెలుగొచ్చింది. చప్పట్లు కొట్టి పిలిచాడు. "ఒరే చంటీ, ఇలారా."

పిల్లాడు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. సౌదామినిని ఎగాదిగా చూశాడు. "నువ్వేనా మా వొదినివి? అన్నియ్య సెప్పినాడులే." పక్కటి పన్ను ఒకటి లేదు.

"ఒరే, నువ్వింక ఔటు గొడవేం పెట్టుకోకు," అన్నాడు పైడిరాజు హుషారుగా. "నువ్వు ఆటలో అరటిపండువి. సరేనా?"

చంటి మొహం వాడిపోయింది. లాగు పట్టుకున్న చెయ్యి వదిలేసి రెండు చేతులూ కట్టుకున్నాడు.

"నానొప్పుకోను."

"అలా అంటే నువ్విక్కడే ఉండొచ్చురా, ఎవరూ నిన్నేం చెయ్యరు."

"ఎవులూ ఏటీ సెయ్యకపోతే ఇంకెందుకు?" పిల్లాడు ఏడవలేదు, అన్న మొహంలోకే చూశాడు. "మన ఈదిలో ఎన్నేళ్ళాడినా నన్నెవులైనా తిట్టినారా? ఈడ బంతొగ్గేత్తే గ్రేడీ మావ టోపీ తీసి నా మీదికి ఇసిరినాడు. ఆళ్ళందరూ బూతులు తిట్నారు. నువ్వు సూణ్ణేదా? నన్ను లెక్కేసినారు కాబట్టే గదా తిట్నారు. మళ్ళీ అరటిపండు సేసీయకన్నియ్యా."

"మరేం చెయ్యమంటావురా?"

"నాను బాగా ఆడనేదు. బర్క్ నాకంటే బాగా ఆడినాడు. ఆ మాట నువ్వు సెప్పు. నన్ను లెక్కలో ఎట్టి తీసీ."

"తీసేస్తే నువ్వుండవురా చంటీ."

"అరటిపండుగా నానెప్పుడున్నాను గనక?"

నన్నెవులూ ఔట్ సెయ్యరే అని ఏడ్చిన పిల్లాణ్ణి చూసి వాళ్ళమ్మ నవ్వేసింది. మధ్యాహ్నం అదే మాట విని సౌదామిని కూడా పక్కన పెట్టేసి, తనకు కావలసిన ముక్క ఏరుకుని పరిగెత్తుకొచ్చింది. ఆమెకు తలెత్తాలంటే సిగ్గేసింది. ఈ పిల్లాడు యంత్రం అల్లిన బొమ్మో, మొగుడి గుండెలో ఇన్నాళ్ళూ దాగున్న తమ్ముడో ఆమె తేల్చుకోలేకపోయింది. ఎవరైనా వాడు అడుగుతున్నది న్యాయమే.

"చెప్పండి," అంది భర్తతో. "వాడడిగింది ఇవ్వండి."

పైడిరాజు మైదానం మధ్యకి నడిచి నిలబడ్డాడు. బల్లల మీద కేకలు ఆగిపోయాయి. ఆటగాళ్ళంతా టోపీలు తీసి చేత్తో పట్టుకున్నారు. అతను గొంతు సవరించుకుని, మ్యాచులో చెప్పినట్టే ఎనిమిది పేర్లూ వరసగా చెప్పాడు. పేరు విన్నవాడల్లా ఒక అడుగు ముందుకేశాడు. తర్వాత ఆగాడు. కళ్ళ నీళ్ళు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు.

"కుడి చివర, బర్క్," అన్నాడు. తమ్ముడి వైపు తిరిగాడు. "చంటి పోటీలో ఉన్నాడు. సరిపోలేదు. ఔట్."

కుడిచేతి చూపుడువేలు లేచింది. సగం దగ్గర ఒక్క క్షణం వణికి, నిటారుగా నిలబడింది.

చంటి మొహం చింకి చాటంతయింది. అంతలోనే అసలైన ఆటగాడిలా దాన్ని ముడుచుకుని, కాలితో మట్టి తన్ని, టోపీ చంకలో పెట్టుకుని నడిచాడు. గోడలో చెక్కలు బిగించిన చోట ఇప్పుడు గేటుంది. దాని దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"కంట్లో ఎండ పడ్డాదండి అంపైరు గారూ," అన్నాడు తగువులాటగా.

"ఔటంటే ఔటే," అన్నాడు పైడిరాజు. "నడు."

పిల్లాడు గొణుక్కుంటూ, లాగు ఎగేసుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు. ఎంపిక కాని వాళ్ళందరూ ఒక్కొక్కరే అతని వెనక ఆ గేటులోంచి వెళ్ళారు. మైదానంలో తొమ్మండుగురు మిగిలారు. గ్రేడీ తన వాచిన చేతి వేళ్ళు చూసుకున్నాడు.

"ఆ గుంటడు ఇంటికెల్లిపోనాడు. మరి మమ్మల్ని ఎప్పుడు ఔట్ సేత్తారు బాబూ?"

అతనికి జవాబు చెప్పేలోపే ఎండ ఆరిపోయింది.

సౌదామిని లేచి కూర్చునేసరికి గాజు తలుపు అవతల కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కావలించుకుంటున్నారు. పక్క మంచం మీద పైడిరాజు కళ్ళు తెరిచే ఉన్నాడు. ఎత్తిన వేలు ఇంకా దించలేదు. ఆమే దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా కిందికి దించింది. ఆ సంఘంవాళ్ళు జాబితా చూసి మురిసిపోయారని, ఇంకో సీజన్ కూడా చెయ్యమంటున్నారని, ఆ తొమ్మండుగుర్నీ ఏడాది పొడుగునా ఆడించి చూపిస్తారట అని సోమయాజులు చెప్తూనే ఉన్నాడు. తను కట్టిన గోడలోపల తొమ్మండుగురు ఖైదీల్లా మిగిలిపోయారని సౌదామినికీ పైడిరాజుకే తెలుసు. వాళ్ళని వదలాలంటే మళ్ళీ ఎవరో ఒకరు ఆ టోపీ పెట్టుకోవాలి. గ్రేడీ అడిగిన మాట ఆమెకు ఇప్పటికీ భోజనాల దగ్గర చెవిలో పడుతుంటుంది.

మర్నాటి సాయంత్రం ఇద్దరూ ఇంటికొచ్చారు. అప్పలనరసమ్మ కొడుకు వాలకం చూసి, మ్యాచులంటే ఇలగా సిక్కిపోతారేటని సణుగుతూ నెత్తళ్ళ పులుసు వేసి అన్నం పెట్టింది. పైడిరాజు రెండు ముద్దలు తిని ఆగాడు.

"అమ్మా, చంటిని ఔట్ చేసీసానే."

ఎక్కడ, ఎలా అని ఆవిడ అడగలేదు. గరిటె గిన్నెలో పెట్టి, కొడుకు మొహంలోకి చూసింది.

"ఏడ్సినాడేటి?"

"నేదు. ఔట్ కాదని నాతో తగువేసుకున్నాడు."

ముసలావిడ చెంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత ఇంకో గరిటెడు పులుసు అతని కంచంలో పోసింది.

"ఏసుకోడేటి మరి," అంది. "ఆటగాడు గదా."